పొగగొట్టంలో మిగిలిన వరస

ఆ ఫ్యాక్టరీ మూతపడి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడక్కడ ఊరు కడుతున్నారు. మామూలు ఊరు కాదట. కార్లు లోపలికి రావట, వాన నీరు చుక్క బయటికి పోదట, పాత గోడల ఇటుక ఒక్కటి కూడా పారెయ్యరట. సిమెంటు మాత్రం ముట్టుకోరట. ఆ చివరి నియమం వల్లే వాళ్ళకు సున్నం మేస్త్రీతో పని పడింది. గానుగ సున్నంతో పని చేయగల చెయ్యి ఆ చుట్టుపక్కల అదొక్కటే మిగిలింది. అరవై దాటిన మనిషి, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

ఆర్కిటెక్టు అమ్మాయి రెండుసార్లు ఇంటికొస్తే రెండుసార్లూ మొహం మీదే తలుపు వేశాడు. మూడోసారి ఆమె పొగగొట్టం మాట ఎత్తింది. దాని అడుగున గుండ్రటి గది చేస్తారట. వేడి గాలి గొట్టంలోంచి పైకి పోతుంటే కింద చల్లగా ఉంటుందట, ఊరివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారట. లోపలి మసి గీకి సున్నం పూయాలంది. మేస్త్రీ వెంటనే తాపీ సంచీ భుజాన వేసుకున్నాడు. అదంతా తన మాటకారితనమేననుకుని ఆ పిల్ల సంబరపడింది.

మేస్త్రీ అన్న చనిపోయింది ఆ గొట్టంలోనే, ఇరవై మూడేళ్ళ కిందట. పొయ్యి ఆర్పాక లోపలి చెడ్డ గాలి పోవడానికి మూడు రోజులు ఆగాలి. సరుకు తొందరని మేనేజరు ఒక్క రాత్రే ఆగాడు. పొద్దున్నే పాడైన ఇటుకలు మార్చడానికి అన్నను దింపాడు. తమ్ముడు రెండో విడత ఇటుకలతో వచ్చేసరికి అన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మేనేజరు తాపీగా రిపోర్టు రాశాడు, తాగి వచ్చి ఎవరికీ చెప్పకుండా దిగాడని. జన్మలో చుక్క ముట్టని మనిషి! ఆ రోజు నుంచి వదిన వీధిలో తాగుబోతు పెళ్ళాం అయింది. మేస్త్రీ మర్నాడే పని మానేశాడు.

ఆ ఫ్యాక్టరీ ఇటుక పనివాళ్ళకు ఒక అలవాటుండేది. ఏం చెడినా నింద తమ నెత్తికే వస్తుందని వాళ్ళకు తెలుసు. అందుకని లోపల దిగిన ప్రతిసారీ మొదటి వరస పేర్చగానే పక్కన అరచేతి మేర సున్నం పూసి, తడి ఆరకముందే మేకుతో గీసేవాళ్ళు. ఏ తేదీ, పొయ్యి ఆరి ఎంతసేపు, ఎవరి మాట మీద దిగారు, అంతే. అన్న కూడా రాసే ఉంటాడు. ఆ మాట అప్పుడే మేస్త్రీ గేటు దగ్గర మొత్తుకుంటే వాచ్‌మన్‌తో మెడ పట్టి గెంటించారు. మిగతా పని బయటివాళ్ళ చేత ముగించి గొట్టం అడుగు తలుపుకు తాళం వేశారు.

ఇప్పుడు ఆ మేనేజరే కొత్త ఊరికి చరిత్ర సలహాదారు. నున్నటి కాగితం మీద చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. అరవై ఏళ్ళలో ఒకే ఒక్క ప్రమాదం జరిగిందనీ, అదీ ఒక కార్మికుడి తాగుడు వల్లేననీ అందులో ఉంది. సైటు ఆఫీసులో మేస్త్రీ అది చివరిదాకా చదివి ఉన్నచోటే పెట్టేశాడు.

తీగ బ్రష్ పట్టుకుని ఎనిమిది రోజులు మసి గీకాడు. ఏమీ కనిపించలేదు. బయటివాళ్ళు చెక్కేశారేమో అనుకున్నాడు. తొమ్మిదో రోజు తలుపు పక్కన, మోకాలి ఎత్తున, అన్న గీసిన రాత బయటపడింది. చివరిదాకా చదివి మేస్త్రీ ఆ మసిలోనే చతికిలబడ్డాడు.

లేచాక వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. ప్రారంభోత్సవం రోజు మేనేజరు కుర్చీ ఎక్కడ వేస్తారో అతనికి తెలుసు. సరిగ్గా దాని పైన ఒక ఇటుకను వదులుగా ఉంచితే చాలు. ఆ ఆలోచనతో మూడు రోజులు అన్నం రుచిగా తిన్నాడు. నాలుగో రోజు వడ్డిస్తూ వదిన అడిగింది, ఏంటయ్యా మొహం అంత వెలిగిపోతోందని. అతను దాచలేక మొత్తం చెప్పేశాడు. గోడ మీద ఏముందో మాత్రం చెప్పలేదు.

ఆమె గరిటె కింద పెట్టింది. "ఇటుక పడితే ఆ మేనేజరు పెద్దమనిషిగా పోతాడు. నువ్వు తాగుబోతు తమ్ముడివవుతావు. నాకు ఆయన చావు అక్కర్లేదు మరిదీ. నా మొగుడు తాగలేదని ఆయన నోటితోనే వినాలి."

మర్నాడు మేస్త్రీ గోడంతా అద్దంలా నున్నగా సున్నం పూసి, ఆ అరచేతి మేర మాత్రం వదిలేసి చెక్క మూత బిగించాడు. పాత పనివాళ్ళ చేతిరాత దొరికిందనీ, మేనేజరు గారి చేతే తెరిపించి చదివిస్తే అందంగా ఉంటుందనీ ఆర్కిటెక్టుతో చెప్పాడు. ముందే చూస్తే సంబరం పోతుందన్నాడు. ఆ పిల్ల నమ్మింది.

ప్రారంభోత్సవం రోజు గుండ్రటి గది నిండిపోయింది. మేనేజరు తెల్లటి చొక్కాలో వచ్చి, కార్మికులు తనకు కన్నబిడ్డల్లాంటివాళ్ళని పావుగంట చెప్పాడు. మేస్త్రీ మూత తీసి పక్కకు జరిగాడు. "నాకు చత్వారం సార్. మీరే చదవండి."

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని, మోకాలు ఆనించి వంగి, అందరికీ వినపడేలా తేదీ చదివాడు. ఆ తేదీ ఆయనకు గుర్తే లేదు. మనిషిని మింగిన తేదీ కూడా కొందరికి గుర్తుండదు. "పొయ్యి ఆరి ఒక్క రాత్రి," అని చదివాడు. అదే ఊపులో "మేనేజరు మాట మీద దిగాను" అనేశాడు. గొట్టం ఆ మాటను పైదాకా మోసుకుపోయింది. అప్పుడు గానీ తాను చదివిందేమిటో ఆయనకు తెలియలేదు.

కళ్ళజోడు తీసేసి, గాలాడటం లేదంటూ తలుపు వైపు నడిచాడు. గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి సార్. ఇంకో వరస ఉంది."

ఆయన కూర్చోలేదు, చదవలేదు. జనంలోంచి వదిన వచ్చింది. గోడ ముందు కూలబడి, ఆ గీతల మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మిగిలింది చదివింది.

"తల తిరుగుతోంది. తమ్ముడొస్తే లోపలికి రానివ్వకండి."

ఆర్కిటెక్టు అమ్మాయి చేతిలోని ఆ నున్నటి పుస్తకాన్ని మూసేసింది. వదిన వేలు ఇంకా ఆ సున్నం మీదే ఉంది.

మేస్త్రీ గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. "ఇప్పుడు వెళ్ళండి సార్," అన్నాడు. "బయట మంచి గాలి ఉంది."