స్పీకరు పెట్టెలో ఎడమ చేతి దెబ్బ

నంద్యాలలో నాకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డలో నాయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ముప్పై ఏళ్లు చర్చిలో డోలక్ వాయించిన మనిషి, ఆ తర్వాత చర్చికి పోవడమే మానేశాడు. "ఊరికే కూర్చునేదానికి నేనెందుకు ఆడికి?" అనేవాడు.

పాస్టరుగారి దగ్గర పాత క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో మా చర్చివాళ్ల పాటలు, అమ్మ గొంతు, నాయన డోలక్ ఉన్నాయి. ఆయనకు వినిపించాలని ప్లైవుడ్‌తో స్పీకరు పెట్టె చేశాను. గాలి దూరే సందు లేకుండా అన్నివైపులా బంకపెట్టి మూసేశాను. శబ్దం శుభ్రంగా వస్తుందని నాకు గర్వం. ఒక శనివారం పొద్దున టేపురికార్డరు సంచిలో వేసుకుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఆళ్లగడ్డకు తీసుకుపోయాను.

నాయన రెండు పాటలు విన్నాడు.

"బాగుండాది. కుడి చెయ్యి ఇనపడతాంది. ఎడమ చెయ్యి యాడ పోయిందిరా?"

డోలక్‌లో లావు శబ్దం ఎడమ చేతిదే. నా పెట్టెలో అది పలచబడిపోయింది.

మూసిన పెట్టెలో స్పీకరు వెనకవైపు శబ్దం లోపలే అణిగిపోతుంది. దారి ఇస్తే అదీ లావు శబ్దానికి తోడవుతుంది. పెట్టె ముందు పలకకు గుండ్రంగా రంధ్రం కోసి మళ్లీ పాట పెట్టాను. నాయన ముఖం చిట్లించాడు.

"ఏందీ, కడవలో తల పెట్టి ఇన్నట్టుండాది!"

రంధ్రానికి పైపు బిగిస్తే ఆ మోత తగ్గుతుందని తెలుసు గానీ ఎంత పొడుగో లెక్కకట్టడం నాకు రాదు. పొలంలో మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి దూర్చాను. ఈసారి మరీ అణిగిపోయింది. రంపపు బ్లేడుతో వేలెడు కోశాను. నాయన కుడి అరచెయ్యి పైపు ముందు పెట్టి, వచ్చే గాలిని చూస్తూ, "ఇంకొంచెం కొయ్యప్పా... ఇంకొంచెం" అంటున్నాడు. డోలక్ తాళ్లు బిగించి శ్రుతి చేసేటప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది. మూడో కోతకు "చాలు" అన్నాడు.

ఎడమ చేతి దెబ్బ గుమ్మని పలికింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పాట సగంలో ఉండగా తలెత్తింది.

"ఈడ తాళం తప్పినావే!"

నాయన నవ్వాడు. "నువ్వు కొత్త చీర కట్టుకోని ఎదురుగా నిలబడి పాడతాంటివి. తప్పకుండా ఎట్లుంటాది?"

"ఛీ, పిల్లోడు ఉండాడు," అంది అమ్మ. నాకప్పటికి ముప్పై దాటాయి. ఆమె నాయన పడిపోయిన చేతిని తన ఒళ్లోకి తీసుకుని, క్యాసెట్ అయిపోయేదాకా వదల్లేదు.

మరుసటి రోజు ఆదివారం. నాయన పొద్దున్నే అమ్మను తెల్ల చొక్కా తియ్యమన్నాడు. చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. డోలక్ ఇంకొకరు వాయించారు. ఆయన మాత్రం ఒక్క పాటా వదలకుండా అందరితో కలిసి పాడాడు. నాయన పాడగా వినడం నాకదే మొదటిసారి.