సినిమా పాటలు పాడని బ్యాండు

ధర్మవరంలో మా డ్రమ్మరు ఇంటివాళ్ల మరమగ్గాల షెడ్డులోనే మేము సాధన చేసేవాళ్లం. ఒక మూల డ్రమ్స్, ఇంకో మూల ఆంప్లిఫయరు, మధ్యలో నడుస్తూ మగ్గాలు. ఆ మోతలో మేమెంత గట్టిగా వాయించినా ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. మేము ముగ్గురం. మూడోవాడు ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపే ఇంటి నుంచి వచ్చిన గాయకుడు. గిటారు వాయించేదీ, పాటలు రాసేదీ అతడే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను కాబట్టి బేస్ గిటారుతో పాటు వైర్లు, మిక్సరు, స్పీకర్లు నా బాధ్యత. పెట్టుకున్న నియమం ఒక్కటే: సినిమా పాట పాడకూడదు.

మొదటి కచేరీ పెనుకొండలో, వినాయక చవితి పందిట్లో. నేను ముందే వెళ్లి ఎర్తింగు చూశాను, స్పీకర్ల కోణం సరిచేశాను, ప్రతి కేబులుకూ చీటీ అంటించాను. అన్నీ సరిగ్గా పనిచేశాయి, మేము తప్ప. పాట మొదలైన కాసేపటికే డ్రమ్స్ పరుగందుకున్నాయి. గాయకుడికి ఊపిరి అందలేదు. ముందు వరసలోంచి ఎవరో అరిచారు:

"బ్రేకులు పోయినట్లుండాయి, పక్కకు జరగండప్పా!"

కారణం ఆ తర్వాత షెడ్డులో తెలిసింది. సాధన మధ్యలో కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. డ్రమ్మరు చేయి మళ్లీ పరుగెత్తింది. కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ వాయించింది నేను కాదబ్బా. మగ్గం వాయిస్తాంటే దాని ఎనకాల పోతాండా."

చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని టిక్కు టిక్కుమనే యాప్‌తో వాయించమన్నాను. సాంకేతికంగా అదే సరైన పరిష్కారం.

"ఒక మగ్గాన్ని ఇడిసి ఇంకో మగ్గాన్ని చెవిలో పెట్టుకోవల్లనా?" అన్నాడు.

డ్రమ్స్‌ను మగ్గాల మోత వినబడని ఒక మిద్దె మీదికి ఎక్కించాం. అక్కడ వాడి చేతికి ఆసరా ఏమీ లేదు. పక్కింటి అవ్వ రోజూ కేకేసేది: "ఏమప్పా, పెండ్లా, సావా? ఏందో ఒగటి చెప్పండి!" చేయి నిలకడకు వచ్చేదాకా ఆపలేదు.

తర్వాత హిందూపురం. ఒక వీధి ఉత్సవం. పెనుకొండ సంగతి మాకంటే ముందే అక్కడికి చేరింది. కార్యక్రమం పెట్టిన పెద్దమనిషి మేము వేదిక ఎక్కగానే తేల్చేశాడు.

"మీ సొంత పాట ఒగటి పాడుకోండి. మిగతావన్నీ సినిమావే. కాదంటే దిగిపోండి."

"అన్నీ మావేనన్నా. దింపేదాకా పాడతాం," అన్నాడు గాయకుడు.

మొదటి పాటంతా నేను డ్రమ్మరు కాలినే చూస్తూ వాయించాను. అది తొందరపడలేదు. పాట ముగియగానే ఒక చీటీ వచ్చింది. మా వైపు ఆర్కెస్ట్రాలకు అలా చీటీ పంపడం అలవాటు: కావలసిన సినిమా పాట, అడిగినవాళ్ల పేరు. గాయకుడు చదివి మైకు దగ్గరికి జరిగాడు.

"ఈ పాట మాకొస్తాది. పాడము."

ఈలలు, తిట్లు కలిసి వచ్చాయి.

"మల్ల ఏం పాడతావురా?" అని ఒకాయన లేచాడు.

"నీకు తెలీనిది."

డ్రమ్మరు అప్పటికే మొదలుపెట్టేశాడు. కొన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయి. "యాడికి పోతాండావు" అనే పల్లవి రెండోసారి వచ్చేసరికి వెనక నిలబడినవాళ్లు జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

"పరిగికి!"

"చెన్నేకొత్తపల్లికి!"

"మీ అత్తగారింటికి!"

పెద్దమనిషి వేదిక మెట్టు దాకా వచ్చి జనం వైపు తిరిగి చూశాడు. పైకి ఎక్కలేదు. మేము అనుకున్న పాటలన్నీ పాడాం.

సామాను సర్దుతుంటే పెద్దమనిషి వచ్చాడు. "ఈ వీధిలోకి మళ్లా మిమ్మల్ని పిలిస్తే నన్నడగండి."

"వద్దులేన్నా. పక్క వీధోళ్లు ఇప్పుడే పిలిచినారు," అన్నాడు డ్రమ్మరు.

అది నిజమే. ఏ పాటలు కావాలో వాళ్లు చెప్పలేదు. మేమూ అడగలేదు.