పెదాలు కలిసే అక్షరాలు

ఆ బడిలో పిల్లలూ పెద్దలూ ఆవిణ్ణి మూతి టీచరు అనేవారు. జబ్బు చేశాక పెట్టిన పేరు కాదది, అంతకు పాతికేళ్ళ ముందునుంచీ ఉన్నదే. నాలుగేళ్ళు నిండి అక్షరాల గదిలోకి అడుగుపెట్టిన పిల్లలకి మొదటిరోజు పలక ఉండదు, పుస్తకం ఉండదు. "నా మూతి చూడండి" అనేది, అంతే. క అనేటప్పుడు గొంతు మీద చెయ్యి వేయించి, గ అనేటప్పుడు అదే చేతికి లోపలి అదురు తెలిసేదాకా వదిలేది కాదు. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని, క అంటే ఇది ఊరుకోవాలి, ఖ అంటే ఎగరాలి అని చెప్పేది. చెవికి తెలిశాకే అక్షరాన్ని కంటికి చూపించేది. వేరే బడి పిల్లలు అక్షరాలన్నీ పాటలా అప్పజెప్పి, మధ్యలో ఒకటి చూపిస్తే మళ్ళీ మొదటినుంచీ పాడుకుంటూ రావలసి వచ్చేది. ఈమె పిల్లలు ఆరునెలలు తిరిగేసరికి దారిలో కనబడిన ప్రతి బోర్డూ చదివి తల్లిదండ్రుల ప్రాణం తీసేవారు.

అలాగని మెత్తని మనిషేం కాదు. శ పలకని పిల్లవాణ్ణి పలికేదాకా నిలబెట్టేది. "ఏరా, నాలుక అద్దెకిచ్చావా?" అనేది. వాడు ఏడ్చేవాడు. ఏడుస్తూనే శ అనేవాడు.

బడి ఆమెది కాదు, తోడికోడలిది. వయసులో చిన్నదైనా హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఆ తోడికోడలిదే. పెద్దావిడకి ఉన్నదల్లా ఆ ఒక్క గది.

ఒకరోజు పొద్దున్న నోట్లో పోసుకున్న నీళ్ళు పుక్కిలించబోతే ఎడమ మూలనుంచి కారిపోయాయి. పక్కనే గడ్డం గీసుకుంటున్న భర్త, బస్సు కండక్టరుగా చేసి మానుకున్నాయన, అద్దంలో చూసి నవ్వాడు.

"ఏంటే, పొద్దున్నే నన్ను వెక్కిరిస్తున్నావు?"

వెక్కిరింపు కాదని తెలియడానికి ఆయనకి కాస్సేపు పట్టింది. ముఖంలో నరం దెబ్బతిందనీ, కదలిక మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక భర్త, "పోనీలే, ఇకమీదట నాకు సగం తిట్లే" అన్నాడు. అది ధైర్యం చెప్పడమే అనుకున్నాడు.

పది రోజుల తరవాత బడికి వెళ్ళింది. పిల్లలు జడుసుకుంటారేమోనని భయపడింది గాని, వాళ్ళేమీ జడుసుకోలేదు. ఎప్పట్లాగే ఆమె మూతివంక కళ్ళార్పకుండా చూశారు. ఆమె పెదాలు ఎడమవైపు కలవడం లేదు. ప అనబోతే గాలి ఆ సందులోంచి జారిపోయి ఇంకేదో అయ్యేది. బ, మ రెండూ వ దగ్గరికి పోయేవి. తన చెవికి మాత్రం తను అనుకున్నదే వినిపించేది. పిల్లలు విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు నేర్చుకున్నారు.

మూడు వారాలకి మందుల షాపావిడ తన కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పొట్టిగా, గుండ్రంగా ఉండే ఆ పిల్లని గదిలో అందరూ బుడంకాయ అనేవారు.

"చెప్పవే, నేను నీకేమవుతాను?"

"అవ్వ" అంది బుడంకాయ.

"విన్నారా? నాకింకా ముప్ఫై నిండలేదండీ. నిన్న షాపులో పదిమంది ముందు 'అవ్వా, ఆకలి' అంది. మోకాళ్ళ నొప్పుల మందు కొనడానికొచ్చినాయన, ఇది మీరు వాడి చూశారా అనడిగాడు నన్ను!"

హెడ్‌మిస్ట్రెస్ నవ్వు ఆపుకుని, మొదటి పాఠంలో తల్లి బొమ్మ కింద ఉన్న మాట ఒక్కొక్కరి చేతా చదివించింది. ఇరవై రెండు మందీ అవ్వ అనే చదివారు.

"ఎక్కణ్ణించి వచ్చిందో ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది కదండీ" అంది షాపావిడ.

ఆవిడ వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ తలుపు వేసింది. "అక్కా, నెలాఖర్న తల్లిదండ్రుల ముందు చదివిస్తాం కదా. అప్పటికి సర్దుకుంటే సరే. లేకపోతే కొత్తమ్మాయిని పెడతాను. మీరు ఆఫీసులో కూచుని ఫోన్లు... ఫోన్లు కూడా కుదరవులెండి. ఊరికే కూచోండి."

ఆ సాయంత్రం మూతి టీచరు ఇంట్లో అద్దం ముందు నిలబడి చూపుడువేలితో ఎడమ మూలని పైకి నొక్కి పట్టుకుంది. పెదాలు కలిశాయి. ప టప్పున పలికింది. "పాప" అంది. "మామ" అంది. ఇంకోసారి గట్టిగా "మామ!" అంది.

"ఎవడే వాడు?" అన్నాడు భర్త పక్కగదిలోంచి.

మర్నాటినుంచి ఆ మూడు అక్షరాలు వచ్చినప్పుడల్లా వేలు పెట్టుకునే చెప్పింది. రెండు వారాల్లో అవ్వ అమ్మ అయింది, వడి బడి అయింది. పిల్లలు కూడా వేలు పెట్టుకోవడం ఆమె చూడకపోలేదు. ముందు పలుకు రానీ, వేలి సంగతి తరవాత చూద్దాం అనుకుంది.

చదివించే రోజు వచ్చింది. హాల్లో కుర్చీలు చాలక తండ్రులు గోడలకి ఆనుకున్నారు. ముందు బుడంకాయ లేచింది. "పలక" అంది, మూతి ఎడమ మూల వేలితో పైకి నొక్కి. "మబ్బు" అంది, రెండుసార్లు నొక్కి. రెండోవాడూ అంతే, మూడోదీ అంతే. 'కల', 'గాలి' దగ్గర చేతులు కిందికి దిగేవి. 'పాము' దగ్గర మళ్ళీ లేచేవి. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీశాడు.

"టీచర్ని వెక్కిరించడం భలే నేర్చారే పిల్లవెధవలు!" అన్నాడు ఇంకొకాయన.

పిల్లలకి వెక్కిరింపు తెలీదు. మ అనే అక్షరంలో వేలు కూడా ఉందనే వాళ్ళు నేర్చుకున్నారు. గోడవారనున్న మూతి టీచరు ముందుకొచ్చింది. "మా పిల్లలు వెక్కిరించడం లేదండీ, బాగా చదువుతున్నారు" అంది. అందులో మా ఉంది, పి ఉంది, బా ఉంది. మూడుసార్లు వేలు మూతికి వెళ్ళింది. హాలంతా గొల్లుమంది. షాపావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అందరూ వెళ్ళిపోయాక "ఒక్క తప్పు లేదు" అంది టీచరు.

"లేదక్కా. తప్పులుంటేనే బాగుండేది, ఇంతమంది నవ్వేవాళ్ళు కాదు" అంది హెడ్‌మిస్ట్రెస్.

కొత్తమ్మాయి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని చదవమంది. మ దగ్గరికొచ్చేసరికి పిల్లలు బిర్రబిగుసుకుపోయి ఆగిపోయేవారు. వేళ్ళ మీద స్కేలుతో కొట్టి చూసింది. ఏడ్చారు గాని పలకలేదు. రెండు రోజులు చూసి హెడ్‌మిస్ట్రెస్, మూతి టీచరు ఊరికే కూచున్న ఆఫీసులోకి వచ్చింది.

"వాళ్ళు మీ మాటే వింటారక్కా. మీరే వచ్చి చెప్పాలి."

"చెప్తే గది ఇస్తావా?"

హెడ్‌మిస్ట్రెస్ చేతిలో ఉన్న తాళంచెవుల గుత్తివంక చూసుకుంది. "ఆ పిల్లలు అటూ ఇటూ కాకుండా పోతున్నారు" అంది.

మూతి టీచరు వెళ్ళి పాత చోటే నిలబడింది. బుడంకాయ వేళ్ళు కణుపుల దగ్గర ఎర్రగా ఉన్నాయి. టీచరు రెండు చేతులూ కొంగులో దాచుకుని, "వేలు అక్షరంలో లేదర్రా. అది నా జవ్వు. నా వూతి చూడకండి" అంది.

బుడంకాయ లేచింది. "వూతి కాదు టీచర్, మూతి. వేలు పెట్టుకోండి, వస్తుంది."

కొత్తమ్మాయి నవ్వింది. మూతి టీచరు చేతులు పైకి తీయలేదు. "నాకైతే కావాలి. నీకు అక్కర్లేదు. అటు తిరిగి ఆ టీచర్ని చూడు. అందరూ తిరగండి."

ఇరవై రెండు తలలూ తిరిగాయి. కొత్తమ్మాయి పెదాలు కలిపి, విడదీసి చూపించింది. బుడంకాయ చేతులు వెనకే ఉంచుకుని కాస్సేపు తంటాలు పడి "అమ్మ" అంది. ఆ వెంటనే పక్కవాడు కూడా అన్నాడు. తరవాత అందరూ కలిసి అన్నారు. కొత్తమ్మాయి రెండో పేజీ తీయమంది, అప్పటికే తలుపు దగ్గరికి జరిగిన మూతి టీచర్ని వెళ్తూ వెళ్తూ అది దగ్గరగా వేసి వెళ్ళమంది.