గుండీ అంత గుండ్రంలో ఆరుగురు

సూర్యాపేటలో పదకొండేళ్లు ఫ్లెక్సీలు డిజైన్ చేశాను. పుట్టినరోజు, పెళ్లి, గృహప్రవేశం, ఏదైనా సరే, బస్టాండ్ దగ్గర గాలికి ఊగే ఫ్లెక్సీల్లో సగం నావేనని నాకు మహా గర్వం. ఫ్లెక్సీకి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పైన దేవుడు, పక్కన కాలం చేసిన పెద్దలు, నడుమ దండం పెడుతూ ఇంటి యజమాని, కింద వరసగా బంధుమిత్రులు. ఒక్క బావమరిది ఫొటో మరిచామా, ఆయన ఏడాదిపాటు ఆ ఇంటి గడప తొక్కడు. ఎక్కడైనా ఖాళీ జాగా కనిపిస్తే నాకు చేతులు దురదపెట్టేవి.

అందుకే మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు వాళ్ల కోడలు ఫోన్ చేసి, "చెల్లే, నా బియ్యానికి ఇన్‌స్టాగ్రామ్‌ల పేజీ జెయ్యాలె, వస్తవా?" అంటే ఎగిరి గంతేశాను. "అదెంత పని అక్కా!" అన్నాను. ఎంత పనో నాకేం తెలుసు!

పెన్‌పహాడ్‌లో పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలంలో ఆమె పండించిన వడ్లవి. విడిగా మర పట్టించి, తాను పెట్టుకున్న పేరుతో చిన్న సంచుల్లో అమ్మాలని ఆమె ఆశ. కోదాడలో ఒక పెద్ద కిరాణా కొట్టాయన, "పేజీ లింకు పంపండమ్మా, చూసి సాయంత్రానికి చెప్తాను" అన్నాడట. మామగారు అక్కడే మెలిక పెట్టాడు. "ఆయన ఊ అంటే నీ పేరు. ఊహూ అంటే గీ సంచులు బంద్. బియ్యం మన మిల్లు పేరు మీదనే పోతయి." అంటే ఆమె పేరు నిలవడమో పోవడమో నా పనితనం మీద ఉందన్నమాట. పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను.

మిల్లు ఆఫీసు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటల్లో ప్రొఫైల్ బొమ్మ తయారుచేశాను. పైన దేవుడు, పక్కన మిల్లు పెట్టిన ముత్తాత, నడుమ దండం పెడుతూ మామగారు, అటూ ఇటూ ఆయన ఇద్దరు కొడుకులు, మూలన కోడలు. దేవుడితో కలిపి ఆరుగురు. వెనక బంగారు వరికంకులు, కింద రెండు ఫోన్ నంబర్లు. ల్యాప్‌టాప్ మీద ధగధగలాడింది. మామగారు మీసం దువ్వుకుని, "మస్తుగ జేసినవ్ బిడ్డా" అన్నాడు.

పేజీలో ఎక్కించి ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చాడు.

"నేనేడున్న?"

చూశాను. చొక్కా గుండీ అంత గుండ్రంలో ఏదో పసుపుపచ్చ ముద్ద. దేవుడి కిరీటం కోసుకుపోయింది. మూలనున్న కోడలైతే అసలే లేదు.

"నా బియ్యం పేజీల నేనే లేకపోతినా చెల్లే?" అంది ఆమె.

సిగ్గుతో నా చెవులు కాలాయి. ఫ్లెక్సీని జనం కింద నిలబడి తీరిగ్గా చదువుతారు. ఫోన్‌లో అయితే వేలు జారేలోపు చూసేసి పోతారు. ఇంత చిన్న సంగతి తట్టనందుకు నా మీద నాకే మండింది.

"ఇందులోంచి అందరినీ తీసేస్తాను పెద్దనాయనా," అన్నాను.

"నా ఫొటో గూడనా?"

ముఖం ముడుచుకుని లేచి గోదాములోకి వెళ్లిపోయాడు. అలిగాడనుకుని మేమిద్దరం వెనకే పరుగెత్తాం. ఆయన కోడలి సంచి ఒకటి విప్పి, గుప్పెడు బియ్యం తీసి ఉఫ్‌మని ఊదాడు. ఒక గింజ పంటి కింద వేసి కొరికాడు. మిగతావి ఆమె అరచేతిలో పోశాడు. "నూక ఉన్నదా సూడు. పంటి కింద పెట్టి సూడంది నేను సంచి కుట్టనియ్య." అది ఆయన రోజూ చేసే పనేనట. కోపంలో కూడా మానలేదు.

తలుపులోంచి వెలుతురు నేరుగా ఆ అరచేతి మీద పడింది. గాజులు, చేతి గీతలు, తెల్లటి గింజలు. ఇదే!

"అక్కా, కదలకు!" అని నేను అరిచిన అరుపుకు బస్తాలు మోస్తున్న హమాలీలు కూడా ఆగిపోయారు. ఫొటో తీసి గుండ్రంలో పెట్టాను. ఫోన్‌ను చేయంత దూరం పట్టుకుని చూశాను. అరచెయ్యి, బియ్యం, అంతే. అంత దూరం నుంచి కూడా ఇట్టే తెలిసిపోతోంది. గంతులేయాలనిపించింది, వేశాను కూడా.

పేరు కింద ఒక్క వాక్యం రాయాలి. మామూలుగా అయితే 'నాణ్యతకు మారుపేరు' అని కొట్టేసేదాన్ని. ఈసారి ఆయన మాటనే దించాను: 'పంటి కింద పెట్టి సూడంది సంచి కుట్టం.' చదివి మీసం కింద నవ్వుకున్నాడు.

"ఫొటో పాయె, మాట మిగిలె," అన్నాడు.

లింకు పంపాం. భోజనాల వేళ దాటినా ఎవరమూ అన్నం ముట్టలేదు. మూడున్నరకు మిల్లు ఫోన్ మోగింది. పెద్దాయనే ఎత్తి స్పీకర్ పెట్టాడు.

"పేజీ చూశానండీ," అన్నాడు కోదాడ ఆయన. "తెరవగానే ఎదురుగా నిలబడి బియ్యం చూపించినట్టుందండీ. ఒక్క నూక లేదు. మా కొట్లో ఒక ర్యాకు మీకే ఇస్తాను. బియ్యం మీవేనాండీ?"

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు పెద్దాయన దగ్గర ఒకటే జవాబు, 'మా మిల్లువే' అని. నోరు తెరిచాడు. కోడలి వైపు చూశాడు.

"నావి గావు. మా కోడలివి. ఏదున్నా ఆమెతోనే మాట్లాడుండ్రి."

ఫోన్ ఆమెకు చాపాడు. ఆమె అరచేతికి ఇంకా తవుడు అంటుకునే ఉంది. కొంగుకు తుడుచుకుని అందుకుంది. "నమస్కారమండీ" అని తన బియ్యం పేరు చెప్పింది. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఈసారి గోదాము అంతా వినపడేలా మళ్లీ చెప్పింది.