మా వెచ్చటి అపార్ట్‌మెంటులో తాళం వేసిన గది

చలికాలంలో బరంపురం నడిబొడ్డున అపార్ట్‌మెంటులో ఉండటమంత సుఖం ఇంకోటి లేదని మా చుట్టాలందరూ అంటారు. నేనూ అంటాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? షావుకార్ల వీధిలో మా పాత ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు కొట్టు, చివర వంటిల్లు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. మార్గశిరం వచ్చిందంటే మంచు తిన్నగా మండువాలోకే దిగేది. తెల్లవారుజామున నూతి దగ్గర స్నానం తలుచుకుంటే ముందురోజు నుంచే వణుకొచ్చేది.

ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటున్నాం. కిటికీలు బిగిస్తే గాలి చొరబడదు. మీట నొక్కితే వేణ్ణీళ్లు. కింద మందుల షాపు, పక్క సందులో పాలు, రోడ్డు దాటితే పిల్లల ఆసుపత్రి. పొగమంచుకి పురుషోత్తంపూర్ బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయినా మాకు ఏ లోటూ ఉండదు. ఈ సుఖాలన్నీ ఒప్పుకుంటాను. అందుకే నాకింత కోపం. ఇంత వెచ్చదనం పెట్టుకుని, ఒక ఏడు ఓ పసిగుడ్డుకి చోటు లేదన్నారు మా అపార్ట్‌మెంటు పెద్దలు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఆ ఏడు మార్గశిరంలో అల్పపీడనం పట్టుకుంది. వాన వెలిసిందో లేదో ఉత్తరపు గాలి మొదలైంది. మా వాచ్‌మన్‌ది పొలసర దగ్గర ఒడియా పల్లె. చలి అలవాటున్న మనిషే, అయినా పగలు కూడా దుప్పటి ముసుగేసుకుని గేటు తీసేవాడు. సరిగ్గా అప్పుడే అతని పెళ్లాం ప్రసవించింది. ఆడపిల్ల. పెద్దాసుపత్రి నుంచి బాలింతనీ బిడ్డనీ తెచ్చి తమ గదిలో పడుకోబెట్టాడు. గది అంటే పార్కింగులో మెట్ల కింద చోటు. మూడు గోడలు, నాలుగో వైపు ఇనప షట్టర్. కిటికీ అన్నది లేదు. షట్టర్ ఎత్తితే కార్ల మధ్య నుంచి గాలి కొడుతుంది, దించితే లోపల చీకటి.

సరిగ్గా దాని నెత్తిన, మొదటి అంతస్తులో, అసోసియేషన్ గది ఉంది. రెండు కిటికీలు, స్నానాలగది, నేల మీద తివాచీ. ఏడాదిలో ముప్పాతిక భాగం తాళమే. మార్గశిర లక్ష్మివారాల్లో మాత్రం అందులో కలశం పెట్టి ఆడవాళ్లందరం పూజ చేసుకుంటాం.

అసోసియేషన్ సెక్రటరీ మావారి పెదనాన్నగారి అబ్బాయి, నాకు బావగారి వరస. పప్పుల హోల్‌సేలు చేస్తారు. బుధవారం పొద్దున్నే వెళ్లి అడిగాను.

“బావగారూ, ఈ సలి తగ్గేదాకా ఆ బాలింతని పైగదిలో పడుకోనివ్వండి.”

“భలేదానివమ్మా! రేపు లచ్చివారం. కలశం పెట్టే గదిలోకి పురిటి మైల తెస్తామేటి? ఎవులూరుకుంటారు? మీ అత్తే ముందు గొడవ సేస్తాది.”

“కలశం మా ఇంట్లో పెట్టుకుందాం.”

“అందులో దుప్పట్లున్నాయి కదమ్మా, జాగా ఏదీ?”

ఆ దుప్పట్ల సంగతి చెప్పాలి. ఏటా చలికాలంలో మా అసోసియేషన్ పాత బస్టాండు దగ్గర పేదలకి దుప్పట్లు పంచుతుంది. ఆ కట్టలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. పోనీ వాటిలో రెండు ఇప్పించమన్నాను.

“అవి పేదోల్లకమ్మా. ఆదివారం పంచుతాం. ఫ్లెక్సీ కూడా కొట్టించీసినాం. ఇప్పుడు కట్టలిప్పీస్తే ఏటి బాగుంటాది?”

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా! పేదవాళ్లని వెతుక్కుంటూ బస్టాండు దాకా వెళ్తారట. రోజూ కారు తుడిచి గేటు తీసే మనిషి వాళ్ల లెక్కలో పేదవాడు కాడు, ఎందుకంటే అతని పక్కన నిలబడి ఫొటో దిగితే ఏం గొప్ప? నేను మా ఇంట్లోంచి రెండు రగ్గులు తీసుకెళ్లి బాలింతకిచ్చి వచ్చాను గానీ ఆ కడుపుమంట చల్లారలేదు.

అన్నిటికంటే నాకు మంటెక్కించింది మేం చెప్పుకునే కథ. అక్షింతలు చేత్తో పట్టుకుని ప్రతి లక్ష్మివారం వింటాం. పెద్దిళ్లవాళ్లు పొద్దెక్కినా పడుకునే ఉంటారు, లక్ష్మీదేవి వాళ్లని వదిలేసి ఊరి చివర గుడిసెకి వెళ్తుంది, అక్కడ వాకిలి అలికి ముగ్గేసి ఉందని లోపల అడుగుపెడుతుంది. ఈ కథ చెప్పేది ఎవరనుకున్నారు? బావగారి భార్యే. గొంతు కూడా బాగుంటుంది. చెప్పేవి శ్రీరంగనీతులు, ఇంకేం అంటాం.

ఆవిడని కూడా పూర్తిగా తిట్టలేను. ఆమెకి జాలి లేకపోలేదు. లక్ష్మివారం తెల్లవారగానే, బాలింతకి కుంపటి లేకపోతే ఎలాగని, తమ పాత ఇంటి నుంచి తెచ్చుకున్న కుంపట్లో బొగ్గులు రాజేసి కిందికి పంపిందట. మాలో అది ఆచారం. తల్లికీ బిడ్డకీ స్నానం చేయించి, నులక మంచం కింద కుంపటి పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేస్తారు. మేమందరం ఆ వెచ్చదనంలోనే పురుళ్లు పోసుకున్నాం. కానీ మా పాత ఇళ్లకి మండువాలుండేవి. పొగా వేడీ ఏదైనా ఆకాశంలోకి పోయేది. ఆ ముక్క ఎవరికీ తోచలేదు. కుంపటి పంపిన సంగతి నాకు అప్పటికి తెలియనే తెలియదు.

ఇక మా అత్తగారు. ఆవిడ మడి సంగతి వీధి వీధంతా ఎరుగును. మడి కట్టుకుందంటే నేను కూడా నాలుగడుగుల దూరంలో నడవాలి. ఆ పొద్దున్న తలస్నానం చేసి, తడిచీర కట్టుకుని, పూజకి మందారాలు కొయ్యడానికి గేటు దగ్గరికి దిగింది. పూలబుట్ట ముట్టుకోకుండా నేను వెనకాల నడిచాను.

వాచ్‌మన్ గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. రాత్రంతా బిడ్డ చలికి గుక్కపెట్టి ఏడ్చిందట. ఇప్పుడు అతని మొహంలో ఎంత సంతోషమో!

“మా, ఛువా కాందునీ,” అన్నాడు. అమ్మా, పిల్ల ఏడవట్లేదు అని. కుంపటి వచ్చాక చలిగాలి రాకుండా షట్టర్ పూర్తిగా దించేశాడట, తల్లీ పిల్లా హాయిగా పడుకున్నారట.

మా అత్తగారి చేతిలో పూలబుట్ట కిందపడింది.

“మూసీసి కుంపటెట్టినావా? ఎత్తరా! ఓలమ్మో, ఎత్తరా షట్టరు!”

షట్టర్ ఎత్తగానే వేడీ సాంబ్రాణీ కలిసి మా మొహాన కొట్టాయి. బాలింత లేవబోయి పడిపోయింది, వాంతి చేసుకుంది. బిడ్డ తల వేలాడిపోతోంది. మా అత్తగారు మడిచీరతోనే లోపలికి వెళ్లి బిడ్డని గుండెకి హత్తుకుని, చెప్పుల్లేకుండా రోడ్డుకడ్డంగా పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. వాచ్‌మన్ పెళ్లాన్ని ఎత్తుకుని ఆవిడ వెనకాలే వెళ్లాడు.

రోడ్డు దాటితే ఆసుపత్రి అన్నాను కదా, ఆ రోజు ఆ సుఖమే ఆ బిడ్డని బతికించింది. ఆక్సిజన్ పెట్టిన చాలాసేపటికి కేరుమంది. బయట బల్ల మీద కూర్చుని నేను ఏడ్చేశాను. మూసిన గదిలో బొగ్గులు పెట్టమని మీకెవరు చెప్పారని డాక్టరు కేకలేసింది. ఎవరు చెప్పారని చెప్పను? బాలింత చలికి జాలిపడి మేమందరం అంత మంచివాళ్లమైపోయాం మరి.

ఆసుపత్రి నుంచి పంపించాక మా అత్తగారు వాళ్లని తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చింది. తన గదిలో తన మంచం ఇచ్చింది. ఆ లక్ష్మివారం మా ఇంట్లో దీపం పెట్టలేదు, పురుడున్న ఇల్లు కదా. ఆ విషయంలో ఆవిడ పట్టింపు ఆవిడదే. బావగారు మాత్రం గుమ్మం బయటే నిలబడి నసిగారు.

“పిన్నీ, మడిబట్టతో ముట్టీసినావు. లిఫ్టులో కూడా ఎక్కించినావు. బిల్డింగంతా మైలయిపోయినాదని అందరూ అంటన్నారు.”

“మడిబట్ట ఉతుక్కుంటే సరిపోతాది. ఆ పసిగుంట పేణం పోతే ఏటి ఉతికీవోడివిరా?” అంది అత్తగారు. ఆయన వెళ్లిపోయారు.

ఆదివారం బస్టాండు దగ్గర దుప్పట్లు పంచారు, ఫొటోలు దిగారు. సోమవారం లిఫ్టు పక్కన నోటీసు అంటించారు, ఒడియాలో, ఇంగ్లీషులో. మా అత్తగారికి ఆ రెండూ చదవటం రాదు. బిడ్డని భుజాన వేసుకుని నా పక్కన నిలబడింది.

“ఏటి రాసినారే?”

“పార్కింగులో ఎవరూ కుంపట్లు పెట్టకూడదట.”

“మంచిదే. మరి ఆ గది తాళం సంగతో?”

“దాని గురించి ఏమీ లేదత్తా.”

“సరీగ్గా సూడు. ఇంత జరిగినాక రాయకుండా ఉంటారేటి? ఎక్కడో ఓ మూల రాసే ఉంటారు.”

నేను మళ్లీ మొదటి నుంచి చదవటం మొదలుపెట్టాను.