బోయిగూడ గల్లీలో అరగంట నడక

ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకు దొరక్కుండా గోడ దూకి పరుగెత్తినవాణ్ణి నేను. ఆ ఒక్క అర్హత చూసే కాబోలు, సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి నాకు జనాన్ని నడిపించే పని ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, ఒక ఎండాకాలం మొదట్లో, వార్డ్‌బాయ్‌గా ఉన్న నన్ను ఫిజియోథెరపీ అటెండర్‌గా మార్చి, గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవారి దగ్గర వేశారు.

అక్కడ రెండు పద్ధతులుండేవి. కొందరు వారానికి మూడు రోజులు మా సెంటర్‌కే వచ్చి, ఛాతీకి తీగలు పెట్టించుకుని ట్రెడ్‌మిల్ మీద నడిచేవారు. రాలేనివారు ఇంటి దగ్గరే నడిచి నోటుబుక్కులో రాసుకునేవారు. నేను వారానికోసారి వెళ్లి బుక్కు చూసి, నాడి, బీపీ రాసుకొచ్చి డాక్టర్ మేడమ్‌కు అప్పజెప్పాలి.

బోయిగూడ జాన్ మాస్టారిది ఇంటి పద్ధతి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ బడిపంతులు, చర్చిలో పెద్ద. బస్సులు మారి సెంటర్‌కు రావడం ఆయనవల్ల కాలేదు. జూన్‌లో బడి తెరిచేలోగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే యాజమాన్యం ఇంకొకరిని పెట్టుకుంటుంది.

నోటుబుక్కులో రోజూ అరగంట నడక. ఒక్కరోజూ తప్పలేదు. నెల గడిచాక ఆరు నిమిషాల పరీక్ష పెట్టాం. కారిడార్‌లో రెండు గుర్తుల మధ్య ఆ వ్యవధిలో ఎన్నిసార్లు తిరగగలరో లెక్కపెడతాం. మాస్టారు మూడో నిమిషంలోనే గోడ పట్టుకున్నారు.

మేడమ్ మళ్లీ ఎకో, అంటే గుండె స్కాన్, తీయించారు. గుండె పోయినసారి ఎలా ఉందో అలాగే ఉంది. "బుక్కు ఒకటి చెప్తోంది, మనిషి ఇంకోటి చెప్తున్నారు. ఇంటి పద్ధతి ఆపేద్దామా?" అన్నారు. ఆపితే ఆయనకు వేరే దారి లేదు. చర్చి పెద్ద అబద్ధం రాస్తారా? స్టాప్‌వాచ్‌ను అనుమానించి, అది పట్టుకుని నేనే రెండు చుట్లు తిరిగాను. అది బాగానే ఉంది, ఆయాసం నాకే వచ్చింది.

మర్నాడు పొద్దున చెప్పకుండా వెళ్లి మాస్టారి వెంట నడిచాను. నాలుగో గడప దగ్గర ఒకామె ఆపింది. "మాస్టారూ, పాణం ఎట్లున్నది? జెర ఆగుండ్రి, ప్రార్థన చేస్కుందం." ఆయన కళ్లు మూశారు. మర్యాదకు నేనూ మూశాను. తెరిచేసరికి ఐదు నిమిషాలు. రెండు గడపలు దాటామో లేదో, ఇంకొకరు. ఆ అరగంటలో మేం నడిచింది ఏడెనిమిది నిమిషాలకు మించదు.

"సార్, గిట్ల నడిస్తే గుండెకు ఏం తెలుస్తది, నడుస్తున్నమని?" అన్నాను.

"నా కోసం దేవుణ్ణి అడుగుతున్నారయ్యా. ఆపండని ఎలా చెప్పను?" అన్నారాయన.

దారి ఆయన భార్య మేరీగారు చూపించారు. సాయంత్రం గల్లీవాళ్లందరినీ ఇంటికి పిలిచి ఒకేసారి ప్రార్థన చేయించారు. పొద్దున ఎవరూ ఆయన్ని ఆపకూడదని, చెయ్యెత్తితే చాలని మాట తీసుకున్నారు. బడి తెరిచే వారం మళ్లీ పరీక్ష పెడితే మాస్టారు ఆరు నిమిషాలూ ఆగకుండా నడిచారు. మేడమ్ సంతకం పెట్టారు.

ఇల్లు మేలా, సెంటర్ మేలా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. నాకు తెలియదు. ఇంటి దగ్గర నడిచేవాళ్ల సంగతి తెలియాలంటే బుక్కు చూస్తే చాలదు, వాళ్లు నడిచే వేళకు వెళ్లాలి. నేను నేర్చుకున్నది అంతే.

సర్టిఫికెట్ ఇచ్చిన రోజు మాస్టారిని గిల్లకుండా ఉండలేకపోయాను. "నడుమల గిన్నిసార్లు ఆగుతున్ననని ముందే చెప్తే ఏంబోయేది సార్? అందర్ని పరేషాన్ జేసిండ్రు."

"బయలుదేరింది ఎప్పుడు, తిరిగొచ్చింది ఎప్పుడు అని గళ్లు గీసిచ్చింది నువ్వే కదయ్యా," అన్నారాయన. "ఎంత దూరమో రాయడానికి ఒక్క గడి గీశావా?"