మెయిన్ ఆపినా నిలిచిన తూకం

మా చిన్నవాడి నోట్లో బొరుగుల ఉగ్గాని పెట్టబోతూ, అలవాటుకొద్దీ పక్కనున్న ల్యాప్‌టాప్ వైపు చూశాను. చెంచా గాల్లోనే ఆగిపోయింది. పత్తి మండీలో ఉన్న మా చిన్న కంప్యూటరులో ఖాళీ స్థలం నిన్నటికంటే తగ్గింది. పెరగాల్సిన రోజున తగ్గింది. వాడు నోరు తెరుచుకుని "అమ్మా, ఆ..." అంటూనే ఉన్నాడు.

మాది ఆదోని. నేను పనిచేసే ఆఫీసు ఎమ్మిగనూరులో, ఒక బట్టల అంగడి మీద రెండు గదులు. పత్తి మండీలకు తూకం లెక్క చూసే ప్రోగ్రాం అక్కడ తయారవుతుంది. రాసేది వాళ్లు, సరిగా పనిచేస్తుందా లేదా అని పరీక్షించేది ఇంట్లో కూర్చున్న నేను. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. పిల్లలు పుట్టాక ఆ గుణం ఇంకా ముదిరింది. ఇంట్లో వాళ్లకు అది విసుగు. నా ఉద్యోగానికి మాత్రం అదే అర్హత.

భయం ఎందుకో చెప్పాలి. మండీలో ఒక్కో తూకానికీ రైతు పేరు, బరువు, కాటా మీదున్న బోరెం, అంటే పత్తి బస్తా, ఫోటో, అన్నీ ఒకే డేటాబేస్ ఫైలులో చేరతాయి. ఫోటోల వల్ల ఆ ఫైలు బాగా లావెక్కింది. అందుకే కిందటి సీజన్ ఫోటోలన్నీ తీసేశాం. కానీ తీసేసినంత మాత్రాన ఫైలు చిన్నదైపోదు. పత్తి గోదాములో అక్కడక్కడా బోరాలు అమ్ముడుపోతే మధ్యలో సందులు మిగులుతాయి, గోదాము మాత్రం అంతే ఉంటుంది కదా, అలా. ఆ సందులు ఫైలుకే పనికొస్తాయి. అదే డిస్కులో వీడియో దాచుకునే కాటా కెమెరాకు పనికిరావు. అందుకని రోజూ అంగడి మూసే వేళకు, సందుల్లేకుండా ఫైలును మొత్తం కొత్తగా రాసుకుని పాతదాన్ని పారేసే ఏర్పాటు ఒకటి పెట్టారు. నా ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. మండీలో మాత్రం పాత ఫైలు అలాగే ఉంది. దాని పక్కన సగం రాసి వదిలేసిన కొత్త ఫైళ్లు వరసగా పేరుకుని ఉన్నాయి.

సగం ఫైళ్లను అప్పటికప్పుడు తుడిచేశాను. అది ఆ పూటకు సరిపోయింది, అంతే. మర్నాటి నుంచి మార్కెట్ యార్డుకు సెలవులు, మళ్లీ సోమవారం తెరుస్తుంది. ఆ రోజు వచ్చే పత్తితో డిస్కు నిండిపోయిందంటే తూకం ఆగిపోతుంది. మా నాయనది చిప్పగిరి పక్క పల్లె. ధర ఖరారయ్యాక తూకం కోసం ట్రాక్టరు మీద కాచుకుని కూర్చున్న ఆయన్ని చిన్నప్పుడు చూశాను. చేతిలోని పత్తి ఇంకా తనదో, అమ్ముడుపోయిందో తెలియని ఆ ముఖం నాకు బాగా గుర్తు.

సగంలో ఎందుకు ఆగుతోందో కళ్లారా చూడాలని, ఆ సాయంత్రం చిన్నవాణ్ణి మా అత్తకు అప్పగించి, పాపను వెంటబెట్టుకుని మండీకి వెళ్లాను. చివరి బోరెం గోడకు చేర్చారు. దేవుడి పటం ముందు ఊదుబత్తి కూడా లేదు, ఎర్ర బల్బు ఒకటి వెలుగుతోంది. మండీ షావుకారు పటానికి దండం పెట్టి, చెప్పులు వేసుకుని, గోడ దగ్గరికెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగారు. దిగిందో లేదో అని ఇంకోసారి అదిమి చూశారు. బల్బు ఆరింది. కాటా పక్కనున్న మా పెట్టె కూడా ఆరింది.

"అమ్మా, నీ కంప్యూటర్ పడుకునేసింది" అంది పాప.

"అన్నా, దినామూ ఇట్లే ఆపుతారా?" అని అడిగాను.

"ఆపకపోతే? పత్తిమ్మా ఇది! నిప్పుకు ఒక్క వైరు సాలు. మా నాయన కాలం నుంచీ మెయిన్ దించకుండా ఈ గడప దాటిందే ల్యా."

"ఒక్క రాత్రి వదిలిపెట్టండన్నా, పని అయిపోతాది."

"నీ పని అయిపోతాది, నాకు నిద్ర పోతాది. కావాలంటే మా ఇంట్లో టీవీ ఎత్తకపో, వద్దనను. మెయిన్ మాత్రం అడగొద్దు తల్లీ."

ఇంటికి వచ్చే దారిలోనే ఎమ్మిగనూరుకు ఫోన్ చేశాను. ఆఫీసు నడిపే ఆయన్ని మేమంతా అన్నా అనే పిలుస్తాం.

"అన్నా, వాళ్లు ఇంటికి పోయినాక మనం ఊడ్సల్లనుకున్నాం. వాళ్లేమో పోతాపోతా చీపురు లాక్కొని పోతాండారు" అని జరిగింది చెప్పాను.

"బ్యాటరీ పెట్టిస్తే పోలా?"

"పత్తి పక్కన బ్యాటరీనా? ఆయన టీవీ ఇస్తాడంట గానీ అది ఒప్పుకోడు."

ఆయన నవ్వి, "మరి ఏం సేద్దామంటావు?" అన్నారు.

"అంతా ఒకేసారి వద్దన్నా. ఒక బోరెం దిగి ఇంకోటి కాటా ఎక్కేలోపల, కొంచెం కొంచెం."

"కాటా నడుస్తాండగానా? మధ్యలో ఇరుక్కుంటే రైతులు ట్రాక్టర్లేసుకొని నేరుగా ఎమ్మిగనూరుకే వస్తారు సూడు!"

"అందుకే పరీక్ష చేయనియ్యన్నా."

"సరే, అనుమానం పక్షీ. సోమవారం లోపల తేల్సు."

కొంచెం కొంచెం తీయడమంటే ఇది. గోదాము చివర ఉన్న నాలుగు బోరాలు ఎత్తి, ముందువైపు సందుల్లో సర్దాలి. చివర ఖాళీ అయిన ఆ కాస్త చోటును వెంటనే గోదాము యజమానికి తిరిగి ఇచ్చేయాలి. కాసేపాగి మళ్లీ నాలుగు. రెండో గోదాము అక్కర్లేదు, రాత్రంతా కాపలా అక్కర్లేదు. డేటాబేస్‌కు ఈ పద్ధతి వచ్చు. కానీ బోరెం చేతుల్లో ఉండగా కరెంటు పోతే? ఆ బోరెం పాత చోట ఉంటుందా, కొత్త చోట ఉంటుందా, రెండు చోట్లా లేకుండా పోతుందా? పుస్తకంలో ఏమీ కాదనే ఉంది. పుస్తకాన్ని నమ్మి నిద్రపోయే మనిషినైతే నాకు ఈ ఉద్యోగం ఇచ్చేవాళ్లే కాదు.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి దాని మీద ఈ పరీక్ష కుదరదు. మండీలో ఉన్నటువంటి పెట్టె ఒకటి అన్న బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. ఆదోని బస్టాండులో దాన్ని అందుకుని, మంత్రాలయం వెళ్లే జనం మధ్యలో పసిబిడ్డను ఎత్తుకున్నట్లు రెండు చేతులతో పట్టుకుని తెచ్చాను.

ఇంట్లో దాన్ని గోడ ప్లగ్గుకు తగిలించాను. ఉత్తుత్తి తూకాలు ఒకదాని వెనక ఒకటి చేరుతూ ఉంటాయి, పాత ఫోటోలు పోతూ ఉంటాయి, ప్రతి తూకానికీ కొంచెం చోటు వెనక్కి వస్తూ ఉంటుంది. ఎప్పుడు ఆపాలో నేను నిర్ణయిస్తే నాకు తెలియకుండానే మంచి సమయం చూసి ఆపుతాను. అందుకని ఆ పని పిల్లలకిచ్చాను. అన్నాళ్లూ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్న స్విచ్ అది. పాప మొదట నమ్మలేదు.

"నిజంగా ఆపల్లా?"

"ఆపు. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు."

తర్వాత వాళ్లను పట్టలేకపోయాను. పాట మధ్యలో ఆపారు, పరుగెత్తుకొచ్చి ఆపారు, ఒకరి మీద అలిగి ఒకరు ఆపారు. చిన్నవాణ్ణి ఎత్తుకుంటే గానీ అందదు, వాడు ఆపి చప్పట్లు కొట్టుకునేవాడు. ఆపిన ప్రతిసారీ పెట్టె మళ్లీ వేసి, ఒక్కో తూకం సరిచూశాను. మా అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "కరెంటోల్లు తీసేది సాలదని మీరు గూడా తీస్తాండారా?" అంది.

ఒక్క తూకం కూడా పోలేదు. సర్దడం సగంలో ఆగితే, లేచాక పాత చోటుకు వెళ్లి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టుకుంది.

ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. ఒక్కోసారి ఎంత తీయాలి? ఎక్కువ తీస్తే తర్వాతి తూకం వచ్చినా తెర కదలకుండా నిలబడిపోతోంది. బాగా తక్కువ తీస్తే కొత్త తూకాలు డిస్కును నింపినంత వేగంగా చోటు రావడం లేదు. చిన్నవాడికి అన్నం పెట్టినట్లే ఇది కూడా. పెద్ద ముద్ద పెడితే పొలమారుతుంది, మెతుకులు పెడితే కంచం ఖాళీ కాదు. పెంచుతూ తగ్గిస్తూ, చివరికి పెట్టె గొంతుకు సరిపోయే ముద్దను పట్టుకున్నాను.

ఒక మెలిక మిగిలింది. పాత ఫైలును ఈ పద్ధతిలోకి మార్చాలంటే ఒక్కసారి మాత్రం మొత్తం తిరగరాయాలి. మండీలోని చిన్న పెట్టెకు అది రాత్రంతా పట్టే పని, అక్కడ కుదరదు. ఆదివారం షావుకారు నా కోసం తలుపు తెరిచి, నేను అడగకముందే "మెయిన్ నీకోసరం వదిలేది కాదు, నేనుండేంత సేపే" అన్నారు. ఫైలును పెన్‌డ్రైవులోకి ఎత్తి, అది కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చి, ల్యాప్‌టాప్‌లో తిరగరాసి, మళ్లీ తీసుకెళ్లి పెట్టాను. ఆటోలో దారి పొడవునా ముడి తడుముకుంటూనే ఉన్నాను. పాత ఫైలు మండీలో భద్రంగా ఉందని తెలుసు. అయినా తడుముకున్నాను.

సోమవారం ఎండెక్కేసరికే మండీ ముందు ట్రాక్టర్లు నిలిచాయి. కాటా పక్కనే నిలబడి తెర చూస్తున్నాను. బోరెం ఎక్కడం, బరువు, ఫోటో, బోరెం దిగడం. ఆ దిగే సందులో ఖాళీ స్థలం అంకె కొంచెం పైకి కదిలింది. మళ్లీ కొంచెం. ఎదురు చూస్తున్నది అదే అయినా నమ్మడానికి నాకు చాలా బోరాలు పట్టింది.

"ఏమ్మా, నువ్వట్ల గుడ్లప్పగించి సూస్తే కాటా గూడా భయపడతాది" అన్నారు షావుకారు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన పత్తి తూగుతోంది. పల్లె నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చినట్లున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బరువు పడింది, బోరెం దిగుతోంది. అప్పుడు ఎవరో అరిచారు.

"వాసన! కాలిన వాసన!"

ఇంకో మాట లేదు. దగ్గరున్న హమాలీ ఒక్క దూకు దూకి మెయిన్ లాగేశాడు. తెర నల్లబడింది. అందరూ బోరాల మధ్య ముక్కులెత్తి వెతికారు. తీరా చూస్తే పక్క హోటల్లో బజ్జీల బాండలి మాడింది.

"ఏమప్పా, నీ మిరపకాయ బజ్జీకి మా మండీ ఆరిపాయ గదప్పా!" అని షావుకారు గోడ మీదుగా కేక వేశారు.

"మీరు ఆర్డర్ ఇచ్చినవే సావుకారూ!" అని జవాబొచ్చింది.

అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నల్లటి తెర వైపు వేలు చూపించి, "మ్మా, నా తూకం ఉండాదా, పాయనా?" అన్నాడు. ఆయన బోరెం అప్పటికే దిగి, గుట్టలో మిగతా వాటితో కలిసిపోయింది.

పిల్లలు ఎన్నిసార్లు ఆపారో, ఎన్నిసార్లు నేను సరిచూశానో అంతా మర్చిపోయాను. మెయిన్ ఎత్తారు. పెట్టె లేచింది. తెర మీద అన్నిటికన్నా పైన ఆయన పేరు, పక్కన బరువు, పక్కన బోరెం ఫోటో. ఫోటోలో బోరెం వెనక ఆయన తలపాగా సగం పడింది.

"ఉండాదప్పా! సూడు, నీ తలపాగాతో సహా ఉండాది!"

నా గొంతు నాకే పెద్దగా వినబడింది. పెద్దాయన వంగి చూసుకుని, తలపాగా సవరించుకున్నాడు. ఖాళీ స్థలం చూశాను. కరెంటు పోయే ముందు వెనక్కి వచ్చినదంతా అలాగే ఉంది. తర్వాతి బోరెం కాటా ఎక్కింది, దిగింది, అంకె మళ్లీ కదిలింది. ఆ రోజు మండీలో తూకం ఆగింది ఆ బజ్జీలు మాడిన కాసేపే.

పొద్దు వాలాక షావుకారు ఎప్పటిలాగే దండం పెట్టి మెయిన్ దగ్గరికెళ్లారు. లాగబోయి నా వైపు చూశారు.

"ఆపమంటావా?"

"ఆపండన్నా! గట్టిగా ఆపండి!" అన్నాను.

అన్నకు ఫోన్ చేస్తే, "ఎమ్మిగనూరుకు ట్రాక్టర్లు రాలేదు, అప్పుడే అనుకుంటి" అన్నారు. ఇంటికి పోతూ బజ్జీలు కట్టించుకున్నాను, మాడనివి.

మర్నాడు ఉదయం మళ్లీ ఉగ్గాని, మళ్లీ ల్యాప్‌టాప్. షావుకారు మండీ తెరిచి మెయిన్ ఎత్తగానే చూశాను. ఫైలు పక్కన సగం రాసిన ముక్క ఒక్కటీ లేదు. ఖాళీ స్థలం నిన్న సాయంత్రం ఎంతో అంతే. రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. అలా పట్టి ఎన్నాళ్లయిందో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

పాప స్విచ్ బోర్డు కింద నిలబడి, "అమ్మా, ఈ పొద్దు ఆపల్లా, వద్దా?" అని అడిగింది. చిన్నవాడు ఎత్తుకోమని రెండు చేతులూ చాపాడు.

ఇద్దరినీ దగ్గరికి లాక్కుని చెప్పాను: "వద్దు బంగారూ, ఇంక సాలు. మీరు ఆపి ఆపి సూసినారు కాబట్టే నిన్న ఒక తాత పత్తి తూకం పోకుండా నిలబడింది. ఇంక ఎవరు మెయిన్ ఆపుకున్నా ఆపుకోనీ, అమ్మకు భయం లేదు. నోరు తెరువు, ఉగ్గాని ఆరిపోతాది."